నాటినవారు వెళ్లిపోయిన తరువాత

మన సంఘములలో కొంతకాలముగా ఒక వాడుక బలపడుచున్నది. సెలవులు రాగానే యౌవనస్థులు బృందముగా కూడి, పలుగులు, పారలు, విత్తనపు పొట్లములు, పండ్లమొక్కలు వెంటబెట్టుకొని, తమకు పరిచయము లేని ఒక పల్లెకు పోయి, అక్కడ తోటలు వేసి వచ్చుచున్నారు. అమెరికా, ఐరోపా ఖండముల సంఘములు ఆఫ్రికా పల్లెలకు ఇట్టి బృందములను పంపుట మనము ఎరిగినదే. మన తెలుగు మైదానపు సంఘములకు ఆఫ్రికా దూరము, అరకు దగ్గర. విశాఖపట్టణములో ఉదయము రైలెక్కినవారు మధ్యాహ్నము కాకమునుపే అరకులో దిగుదురు. కాబట్టి మనకు ఆఫ్రికావంటి పరిచర్యస్థలము మన మన్యమే అయినది.

ఈ వ్యాసములో మేము విమర్శింపబూనినది ఆ యౌవనస్థుల ప్రేమను కాదు. ఎండలో కొండ ఎక్కి మట్టిలో చేయి పెట్టిన బిడ్డను చూచి ఎవరు సంతోషింపరు? మేము విమర్శించునది ఆ పనిని మనము వ్రాసికొను తీరును, కొలుచుకొను తీరును. ఏలయనగా కొలత తప్పినచో పనియు తప్పును. మీరు సేద్యము చేయు కుటుంబములవారు. ఈ సంగతిని పట్టణపు సంఘములవారికంటె మీరే బాగుగా తూచగలరు. అందుచేతనే దీనిని మీ యెదుట పెట్టుచున్నాము.

యాత్ర ముగిసిన తరువాత సంఘపు పత్రికలో ఒక నివేదిక వచ్చును. మీరును అట్టివి చదివియుందురు. ఎందరు వెళ్లిరి, ఎన్ని గ్రామములు తిరిగిరి, ఎన్ని మొక్కలు నాటిరి, ఘాటీ దారిలో ప్రభువు ఎట్లు కాపాడెను, పిల్లలు ఎట్లు నవ్విరి, సెలవు తీసికొనునప్పుడు ఎవరి కన్నులు చెమర్చెను, రాబోవు సంవత్సరమునకు ఎంత ధనము కావలెను. ఇది దాని వరుస. ప్రక్కన ఒక ఛాయాచిత్రము. అందులో క్రొత్త టోపీ పెట్టుకొనిన యౌవనుడు వంగి మొక్క నాటుచుండును. ఊరివారు వెనుక వరుసగా నిలిచి చూచుచుందురు.

ఈ నివేదికను ఒక రచనగా ఎంచి, కొంచెము నిదానించి చదువుడి. దానిలోని వాక్యములకు కర్త ఎవరు? "మేము వెళ్లితిమి, మేము త్రవ్వితిమి, మేము నాటితిమి, మేము నేర్పితిమి." మరి ఊరివారు ఎక్కడ ఉన్నారు? "వారికి ఇచ్చితిమి, వారికి చెప్పితిమి, వారికి చూపితిమి." పుటలు తిరుగవేసినను ఊరివారు "వారికి" అనియే కనబడుదురు గాని "వారు" అని కనబడరు. వారు ఏమి చెప్పిరి, ఏమి అడిగిరి, దేనిని వద్దనిరి అనునది లేదు. ఎండనక వాననక ఆ కొండవాలుననే బ్రదుకు ప్రజలు తమ నేల కథలో ఒక్క క్రియకును కర్తలు కాకపోయిరి. ఇది మొదటి లోపము.

రెండవది, కాలము. కథ నాటిన దినముననే ముగిసిపోవును. మొక్క కథ ఆ దినముననే మొదలగును గదా! మూడవది, లెక్క. నాటిన మొక్కల లెక్క ఉండును, బ్రదికిన మొక్కల లెక్క ఉండదు. ఏ రైతైనను తాను చల్లిన గింజల లెక్క చెప్పి ఇది నా పంట అనునా? కళ్లములో కొలిచిన తరువాతనే పంట అనును. మన నివేదికలు చల్లిన గింజలను చూపి పంటపేరున కానుకలు అడుగుచున్నవి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట అని మన పెద్దలు దేనిని అనిరో, అది మన గుమ్మములోనికి రాకుండ చూచుకొనవలెను.

పరిశుద్ధ గ్రంథములో మొదటి మనుష్యుడు మొదట పొందిన పని తోటపనియే. ఆదికాండము రెండవ అధ్యాయములో ఆ పని రెండు మాటలలో చెప్పబడినది. ఒకటి నేలను సేద్యము చేయుట, రెండవది దానిని కాయుట. ఆ తోటను నాటినవాడు దేవుడు. మనుష్యుని వంతునకు వచ్చినది దున్నుటయు కాయుటయు. నాటుట మనకు ఇష్టము, అది ఒక దినపు పని, దానికి పాటయు ప్రార్థనయు చిత్రమును ఉండును. కాయుట ఏండ్ల పని, దానిని చూచువారు లేరు. లూకా సువార్తలో కాయని అంజూరపు చెట్టును గూర్చిన ఉపమానములో, తోటమాలి యజమానునితో ఏమని బ్రతిమాలెను? ఇంకొక సంవత్సరము గడువిమ్మనెను, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని పూనుకొనెను. అతడు మరియొక చెట్టు నాటుదుననలేదు. ఉన్న చెట్టుయొద్ద ఇంకొక ఏడు నిలిచియుందుననెను. ఆ తోటమాలి హృదయమే మన యాత్రలలో కొరవడినది.

ఇప్పుడు అరకు నేలను చూతము. అది తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయ. 2022 నుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. పాడేరు ఆ జిల్లాకు ముఖ్యపట్టణము. కొండదొర, బగత, వాల్మీకి, కోటియ, కోందు, పోర్జ, గదబ మొదలైన జాతులవారు అక్కడ నివసించుచున్నారు. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి మొదలైన భాషలును అక్కడి ఇండ్లలో వినబడును. నైరుతి వానలు జూనులో పట్టి అక్టోబరు వరకు కురియును. వానలు వెనుకబట్టగా వలిసెచేలు పసుపుపచ్చగా పూయును. డిసెంబరు, జనవరి నెలలలో చలి మిక్కుటము. తరువాత నేల ఎండుచు, గెడ్డలు సన్నగిల్లుచు, వేసవి వచ్చును.

మన సెలవులు ఎప్పుడు? క్రిస్మసుకు, సంక్రాంతికి, వేసవికి. అనగా మన బృందములు మొక్కకు తగిన అదనులో కాక, తమకు తీరికయైన అదనులో వెళ్లుచున్నవి. డిసెంబరులో నాటిన మామిడి అంటు జూను వాన వచ్చువరకు ఆరు నెలలు చేతినీటి మీదనే బ్రదుకవలెను. మొక్కకు వారమునకు రెండు బిందెలు మాత్రమే పోసినను, ఇరువది మొక్కలకు నలుబది బిందెలు కావలెను. ఆ నలుబది బిందెలు ఎవరి నెత్తిమీద వచ్చును? గెడ్డకో ఊటకో దిగి, ఇంటికి త్రాగునీరు తెచ్చుటకే నడుము విరుగు స్త్రీ నెత్తిమీదనే గదా! మనము కానుకగా ఇచ్చితిమనుకొన్నది ఆమెకు ఒక క్రొత్త చాకిరియైనది. మొక్క ఎండినచో, మరుసటి ఏట మనము వచ్చి, "ఇచ్చిన మొక్కనైనను కాపాడుకొనలేకపోయిరి" అని జాలిపడుదుము. ఇంతకంటె అన్యాయపు మాట వేరొకటి కలదా?

పశువుల సంగతియు ఉన్నది. పంట ఇల్లు చేరిన తరువాత పశువులను మేతకు విడిచిపెట్టుట మీ ఊరిలోను ఉన్నదే. దడి లేని లేతమొక్క మేకకు ఒక పూట మేత. వెదురు నరికి, గుంజలు పాతి, దడి అల్లుటకు ఎన్ని దినములు పట్టునో మీరెరుగుదురు. మూడు దినముల యాత్రలో దడికి చోటు లేదు. మరి వానకాలములోనే వెళ్లుదమందురా? అదియు సుళువు కాదు. అప్పుడు ఊరివారందరు తమ విత్తుపనిలో, ఊడ్పుపనిలో ఉందురు. ఆ దినములలో ముప్పదిమంది అతిథులకు వంట చేయుటయే ఊరికి భారము. మన్యపు చలిజ్వరము మనవారిని వదలదు. అందుచేత సమయము మార్చినంత మాత్రమున చాలదు, పని తీరే మారవలెను.

ఇంకొక ప్రశ్న. మనము తోట వేయబోయిన చోట ఇంతకు ముందు తోట లేదా? కొండవాలున పోడు చేయువాని చెక్కను చూడుడి. సామలు, చోళ్లు, కందులు, బొబ్బర్లు ఒకే చెక్కలో పెరుగును. ఒకటి ముందు పండును, మరియొకటి వెనుక పండును. ఒకటి వాన చాలక పోయినను మరియొకటి నిలుచును. పెరటిలో ఆనప, గుమ్మడి, చిక్కుడు పాదులు, పనసచెట్టు ఉండును. ఎండిన ఆనపబుర్రలో విత్తనము దాచిపెట్టు ఇల్లాలు ఏ గింజ ఏ నేలకు తగునో ఎరుగును. చైత్రమాసములో ఆ కొండలవారు చేసికొను ఇటుకల పండుగలో విత్తనమునకు పెద్దపీట ఉన్నది. వారి ఆరాధన మన ఆరాధన కాకపోవచ్చును గాని, విత్తనమును అంత గౌరవముగా చూచు ప్రజలకు సేద్యము తెలియదని ఎవరు అనగలరు? పోడులో దోషమేమియు లేదని మేము చెప్పము. నేలకు విడుపు ఇచ్చు ఏండ్లు తగ్గిన కొలది మన్ను కొట్టుకొనిపోవును, అడవియు చెడును. ఆ మాట వారికి తెలియనిది కాదు, వారితో కూర్చుండి మాట్లాడవలసినది. మనమైతే సంకర విత్తనపు పొట్లము చేతబెట్టి వచ్చుచున్నాము. ఆ పంటనుండి తీసిన గింజ మరుసటి ఏట అదే గుణమునివ్వదు. బుర్రలోని విత్తనముతో బ్రదికిన ఇల్లు ఏటేట అంగడికి పోవలసివచ్చును.

బయటివారు వచ్చి తోట వేయుట అరకునకు క్రొత్త కాదు. నేడు యాత్రికులు వేడుకగా తిరుగు పద్మాపురము ఉద్యానవనము 1942లో, రెండవ ప్రపంచ యుద్ధకాలమున, సైనికులకు కూరగాయలు పండించుటకు వేయబడినది. నేల అరకుది, కూర దండువారిది. ఎవరి ఆకలి కొరకు ఈ తోట అను ప్రశ్న ఆ నేలమీద నాటినుండియు ఉన్నది. మనము వేయు తోట ఎవరి ఆకలి కొరకు? ఊరివారి ఆకలి కొరకా, లేక మంచి పని చేసితిమని చెప్పుకొనవలెనను మన ఆకలి కొరకా?

ఆఫ్రికాలో జరిగిన ఒక సంగతి ఇక్కడ తగియున్నది. ఎర్నెస్టో సిరోలి అను ఇటలీ దేశస్థుడు 1970ల దశకములో జాంబియా దేశములో ఒక సహాయ సంస్థ తరపున పనిచేసెను. జాంబెజీ నదీలోయలో నేల ఎంతో సారవంతముగా ఉండియు, అక్కడివారు సేద్యము చేయకపోవుట చూచి ఆ బృందమువారు ఆశ్చర్యపడిరి. ఇటలీ విత్తనములు తెచ్చి టమాట వేసిరి. కాయలు బ్రహ్మాండముగా కాచెను. అవి పండి ఎర్రబారినప్పుడు, ఒక రాత్రి నదిలోనుండి నీటిగుర్రముల మంద వచ్చి మొత్తము తినిపోయెను. అందుచేతనే తాము ఇక్కడ సేద్యము చేయమని ఊరివారు అప్పుడు చెప్పిరి. ముందు ఏల చెప్పలేదని అడుగగా, మీరు అడుగలేదు గదా అనిరి. ఆయనే తరువాత దీనిని బహిరంగ సభలలో చెప్పుచు, వినుటయే మొదటి సహాయమని బోధించుచు వచ్చెను. మన నివేదికలో లేని "వారు" అను కర్త ఇక్కడ ఉన్నాడు. అతడు నోరు తెరచుటకు ఒక తోట మొత్తము పోవలసివచ్చెను.

భూమి సంగతి ఇంకను బరువైనది. నాబోతు ద్రాక్షతోట కథ మీకు తెలియును. అహాబు రాజు ఆ తోటను ఏమి చేయగోరెను? తన నగరునకు దగ్గరగా ఉన్నది గనుక కూరతోట చేసికొనగోరెను. దానికి బదులు మంచి తోటయైనను, వెలయైనను ఇచ్చెదననెను. లోకము దృష్టికి అది న్యాయమైన బేరమే. నాబోతుకు మాత్రము అది పితరుల స్వాస్థ్యము. కూరతోట అనునది ఎంత నిర్దోషమైన మాట! ఆ మాటవెనుక ఒక మనుష్యుని రక్తము చిందెను.

మన్యపు ప్రజలు తమ నేలను ఇట్టి బేరములలో ఎంతో పోగొట్టుకొనిరి. అందుకే 1959లో వచ్చి 1970లో సవరింపబడిన భూబదలాయింపు నిబంధన, జనులు 1/70 అని పిలుచునది, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనులు కానివారికి భూమి చేతులు మారకుండ అడ్డుకట్ట వేసినది. అరకునకు చేరువనున్న బొర్రా ప్రాంతపు గనుల కౌళ్లను గూర్చి సమత అను సంస్థ వేసిన వ్యాజ్యములో, 1997లో సుప్రీముకోర్టు ప్రభుత్వ భూమిని సహితము ఆ ప్రాంతములలో గిరిజనేతరులకు కౌలుకు ఇయ్యరాదని తీర్పు చెప్పెను. కాబట్టి, ప్రియ చదువరీ, ఏ బృందమైనను "మిషను తోట" పేరున గిరిజన విశ్వాసి పేరుమీద భూమి తీసికొని తాను ఏలజూచినయెడల, అది చట్టమునకు విరోధమేగాక నాబోతు దేవుని యెదుటను దోషము. తోట ఎవరి పెరటిలో ఉన్నదో పంట వారిదే, మాట వారిదే, వద్దను హక్కును వారిదే.

ఇంతవరకు తప్పులెన్నితిమి. తప్పులెన్నుటతో విమర్శ ముగియరాదు. మంచి త్రోవలును మన కన్నులయెదుట ఉన్నవి.

అరకు కాఫీని చూడుడి. ఆ తోటలు మూడు దినముల పని కాదు. కాఫీ మొక్క నీడలో పెరుగవలెను, కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. ఆ ఏండ్లలో దానిని కనిపెట్టినవారు గిరిజన కుటుంబములవారే. కాఫీ బోర్డు, పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థ, 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ, తరువాత వచ్చిన సేవాసంస్థలు, రైతుల సంఘములు ఏండ్ల తరబడి దానివెంట నిలిచినవి. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చెను. అందులోను లోపములు లేకపోలేదు. నీడకొరకు విరివిగా వేసిన సిల్వరు ఓకు ఆస్ట్రేలియా చెట్టు. మిరియపు తీగకు ఆధారముగా నిలుచును గాని తినుటకు కాయనివ్వదు. పనస, మామిడి నీడయు ఇచ్చును, కాయయు ఇచ్చును. అయినను నేర్చుకొనవలసినది ఇది: మొక్క వెంట నారు, సలహా, కొనుగోలు, వీటితో కొన్ని ఏండ్లు నిలుచువారు ఉన్నప్పుడే తోట నిలిచినది.

కెన్యా దేశపు వంగారి మాథాయి అను స్త్రీ 1977లో మొదలుపెట్టిన చెట్లపని రెండవ సాక్ష్యము. ఆమె పల్లెస్త్రీలచేతనే నారుమళ్లు పోయించెను. చదువులేని స్త్రీలకు అడవుల పని ఏమి తెలియునని ఉద్యోగులు సందేహించిరి. ఆ స్త్రీలు పగిలిన కుండలలో, పాత డబ్బాలలో నారు పెంచిరి. వారికి చిన్న ప్రతిఫలము ఇచ్చుచుండిరి. అయితే నాటిన మొక్కకు కాదు, నాటి బ్రదికిన మొక్కకు! ఈ ఒక్క నియమములో మా వ్యాసము సారమంతయు ఉన్నది. ఆ ఉద్యమము మూడు కోట్లకు పైగా చెట్లను పెంచెను. 2004లో ఆమెకు నోబెలు శాంతి బహుమానము ఇయ్యబడెను. ఆఫ్రికాలో తోటలు వేయుటకు ఆఫ్రికా స్త్రీల చేతులు ఉండనే ఉండెను. కావలసినది వాటిని నమ్మువారు.

మన మిషనరీల చరిత్రలోను ఇట్టివారు కలరు. శామ్ హిగ్గిన్‌బాటమ్ 1903లో అలహాబాదు వచ్చి కళాశాలలో అర్థశాస్త్రము బోధించెను. పల్లెల దారిద్ర్యము చూచి, తనకు సేద్యము తెలియదని ఒప్పుకొని, అమెరికాకు తిరిగి పోయి, వ్యవసాయశాస్త్రము చదివి, 1911లో మరల వచ్చెను. అప్పుడు యమునా తీరమున వ్యవసాయ విద్యాలయమును నడిపెను. "సువార్తయు నాగలియు" అను భావముగల పేరుతో 1921లో ఆయన గ్రంథము వెలువడెను. ఆయన 1944 వరకు ఆ పనిలోనే నిలిచెను. నేర్పుటకు ముందు నేర్చుకొనెను. నేర్చుకొనిన తరువాత మూడు దశాబ్దములు నిలిచెను. తిరునెల్వేలి నుండి వచ్చిన వి. ఎస్. అజరయ్యగారు 1909లో దోర్నకల్లులో దిగి, తెలుగు నేర్చి, 1912లో బిషపై, 1945లో ఆ దోర్నకల్లులోనే కన్నుమూసిరి. అరవ దేశపు బిడ్డ తెలుగు మట్టిలో కలిసెను. వీరివలె అందరును జీవితమంతయు ఇయ్యలేరు, నిజమే. అయినను మూడు దినములను వారి మూడు దశాబ్దముల పేరుతో "మిషను" అని పిలుచునప్పుడు కొంచెము వణకవలెను.

ఇంకొక జాగ్రత్తను ఒంగోలు క్లౌ దొరగారినుండి నేర్చుకొనవలెను. 1876 మొదలు 1878 వరకు కరవు కాలములో ఆయన బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వు పనిని కాంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించెను. భిక్షము పెట్టలేదు, పనికి కూలి ఇచ్చెను. కూలికొరకు క్రీస్తును ఒప్పుకొనువారు ఉందురేమోయని, కరవు సహాయము జరిగినంతకాలము బాప్తిస్మములు ఆపివేసెను. కూలి ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మొక్కను ఒక చేత, కరపత్రమును ఒక చేత పట్టుకొని కొండ ఎక్కువారు ఈ సంగతిని ధ్యానింపవలెను. మొక్క ఎరగా మారినచో మొక్కకును విలువ లేదు, సువార్తకును గౌరవము లేదు.

ఇక్కడ మీరొక మాట అనవచ్చును. "మొక్కలు చచ్చినను, మా పిల్లలు మారిరి గదా! బీదల బ్రదుకు చూచిరి, ప్రార్థన నేర్చిరి, పొగరు తగ్గినది. అది ఫలము కాదా?" అది ఫలమే. దానిని మేము తక్కువ చేయము. కొండమీద ఒక రాత్రి చలిలో పండుకొని, చోడి అంబలి త్రాగి వచ్చిన బిడ్డ ఇంటిలో అన్నము పారవేయుటకు వెనుదీయును. అయితే ఆ ఫలము మన పెరటిలో కాచినది. దానిని ఊరివారి పద్దులో వ్రాయరాదు. మన పిల్లలు నేర్చుకొనుటకు ఊరివారు గురువులైరి, అతిథులకు చోటిచ్చిరి, తీరిక ఇచ్చిరి. అట్లయినచో బాకీపడినవారు మనమే. కాబట్టి దానికి తగిన పేరు పెట్టుదము. అది "సేవాయాత్ర" కాదు, "నేర్చుకొను యాత్ర". విద్యార్థి గురువుయొద్దకు పోవునట్లు పోవుదము. గురువు పెరటిలో చెప్పకుండ మొక్క పాతి, చిత్రము తీసికొని రాము గదా!

ఇప్పుడు మీ సంఘము ఏమి చేయవచ్చునో చెప్పి ముగింతుము. మొదట, వెళ్లకమునుపు అడుగుడి. అక్కడ సంఘము ఉన్నచో ఆ పెద్దలను, లేనిచో గ్రామసభను అడుగుడి. స్త్రీలను వేరుగా అడుగుడి, నీరు మోయువారు వారే గనుక. "మాకు మొక్కలు వద్దు, ఊటకు గట్టు కావలెను" అని వారు అనినయెడల, మొక్కలు మాని గట్టుకు సహాయము చేయుడి. రెండవది, ముప్పదిమంది రైలు ఖర్చులు, భోజనములు, టోపీలు, బ్యానరుల వెల కూడి చూడుడి. అందులో సగమునైనను ఆ ఊరివారికే నారుమడికి, దడికి, నీటికి కూలిగా ఇయ్యవచ్చునేమో ఆలోచించుడి. మూడవది, ఆ నేల మొక్కలనే, ఆ నేల విత్తనములనే అడిగి తీసికొనుడి. నాలుగవది, మూడు వానకాలములు తోడుందుమని మాట ఇచ్చిన తరువాతనే మొదటి గుంట త్రవ్వుడి. ఆ మాట ఇయ్యలేనియెడల, కొండను చూచి, దేవుని స్తుతించి, నమస్కరించి తిరిగి రండి. అందులో అవమానము లేదు.

మీ సంఘపు కాపరియు పెద్దలును రాబోవు యాత్రకు ఏర్పాటు చేయునప్పుడు ఈ ఒక్క ప్రశ్న వేయుడి: "అయ్యా, పోయిన ఏట నాటిన మొక్కలలో ఎన్ని బ్రదికినవి? ఎవరు కాపాడిరి?" జవాబు రానిచో, క్రొత్త మొక్కలకు చందా వ్రాయకమునుపు పాత మొక్కలను చూచి రమ్మని ఇద్దరిని పంపుడి. అది కఠినమైన మాట కాదు. తలాంతులు ఇచ్చిన యజమానుడు తిరిగి వచ్చి లెక్క అడిగెను గదా.

మనకు కావలసినది మూడవ వాన తరువాత వ్రాయబడు నివేదిక. దానిని కోతపండుగనాడు సంఘములో చదువుదము. దానిలో "ఊరివారు అడిగిరి, ఊరివారు నాటిరి, ఊరివారు కాపాడిరి, ఇన్ని ఎండెను, ఇన్ని బ్రదికెను, మేము వారియొద్ద ఇది నేర్చుకొంటిమి" అని ఉండవలెను. వీలైనయెడల ఆ ఊరివారే దానిని వ్రాయవలెను, లేదా చెప్పి వ్రాయింపవలెను. అందులో మన పేర్లు తక్కువగా కనబడును. నాటినవాడును నీరు పోసినవాడును లెక్కలోనివారు కారు, వృద్ధి కలుగజేయు దేవుడే లెక్కలోనివాడని కొరింథీయులకు బోధించిన అపొస్తలునికి అట్టి నివేదిక నచ్చును.

తోటమాలి గడువు అడిగినది ఒక సంవత్సరము. మనము ఒక యాత్రలో ఆ సంవత్సరమును ఇమడ్చజూడకుందుము గాక. నిలిచి కాయు ఓర్పును, అడిగి వినుకొను చెవిని ప్రభువు మన సంఘములకు అనుగ్రహించును గాక.